అటక ఎన్నిసార్లు ఎక్కాలి: ఒక క్యాష్ ప్రాజెక్టు డైరీ

మొదటి శనివారం

ఫొటోలు దాచుకునే పాత కంప్యూటర్ ఒకటి మా ఇంట్లో మూలన పడి ఉంటుంది. డిస్కు నిదానం, మెమరీ చిన్నది. ఏ ఫొటోను మెమరీలో ఉంచాలి, చోటు చాలనప్పుడు దేన్ని బయటికి పంపాలి అని నిర్ణయించే భాగాన్ని, అంటే క్యాష్‌ను (డబ్బు కాదు, cache) నడిపే భాగాన్ని, సొంతంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ సమస్య మీద 2018 నుంచి వచ్చిన పరిశోధన పత్రాలు కొన్ని చదివాక ఆ కోరిక మళ్లీ లేచింది. చదివినదాన్ని చేత్తో చేసి చూస్తే తప్ప నాకు నమ్మకం కుదరదు.

ఆన్‌లైన్ అల్గారిథం అనగానే ఇంటర్నెట్ గుర్తుకొస్తుంది గానీ, దానికీ దీనికీ సంబంధం లేదు. రాబోయేది తెలియకుండా, వచ్చినదానికి వచ్చినప్పుడే నిర్ణయం తీసుకునే పద్ధతి ఇది. అంతా ముందే తెలిసినవాడు పెట్టే ఖర్చు పక్కన మన ఖర్చును పెట్టి, ఎంత గడ్డు సందర్భంలోనైనా అది ఎన్ని రెట్లకు మించదో రుజువు చేయడమే పోటీ విశ్లేషణ. ఆ రెట్ల సంఖ్యను పోటీ నిష్పత్తి అంటారు.

అమ్మకు మరోలా చెప్పాను. "వంటింటి గట్టు మీద మూడు జాడీలే పడతాయనుకో. మిగతావన్నీ అటక మీద. కావలసినది గట్టు మీద లేకపోతే అటక ఎక్కి, ఒకదాన్ని పైన పెట్టి, దీన్ని దించుకోవాలి. ఎన్నిసార్లు ఎక్కామన్నదే లెక్క."

"చాలా రోజులుగా ముట్టుకోనిదాన్ని పైన పెడతాం. ఇందులో పరిశోధన చేయడానికి ఏముంది?" అంది.

ఆమె చెప్పిన పద్ధతి పేరు ఎల్‌ఆర్‌యూ. గట్టు మీద k జాడీలు పడితే ఆ పద్ధతి ఖర్చు సర్వజ్ఞుడి ఖర్చుకు k రెట్లను మించదని, పాచికలు వేయని, అంటే ఏ నిర్ణయాన్నీ అదృష్టానికి వదలని ఏ పద్ధతీ అంతకన్నా మంచి హామీ ఇవ్వజాలదని డేనియల్ స్లీటర్, రాబర్ట్ టార్జన్ 1985లో రుజువు చేశారు. పోటీ విశ్లేషణకు పునాది వేసిన పత్రం అదే.

ఆదివారం

పైథాన్‌లో సిమ్యులేటర్ రాశాను. లోపలికి అభ్యర్థనల వరుస, బయటికి మిస్సుల సంఖ్య. మిస్సు అంటే అటక ఎక్కడం. అడిగే వస్తువును పేజీ అంటారు, మన లెక్కలో జాడీ.

సర్వజ్ఞుడి పాత్రకు లాస్లో బెలాడీ 1966లో చెప్పిన పద్ధతి ఉంది. అందరికన్నా ఆలస్యంగా మళ్లీ అవసరమయ్యేదాన్ని బయటికి పంపాలి. పరీక్షకు పాఠ్యపుస్తకాల్లో కనిపించే వరుసనే తీసుకున్నాను: 1 2 3 4 1 2 5 1 2 3 4 5. మూడు చోట్లు ఉంటే ముందు వచ్చినది ముందు పోయే ఫిఫో పద్ధతికి 9 మిస్సులు, ఎల్‌ఆర్‌యూకు 10, బెలాడీకి 7 రావాలి. నాలుగో చోటు ఇస్తే ఫిఫోకు 9 కాస్తా 10 అవుతుంది. చోటు పెరిగితే ఖర్చు పెరగడమనే ఈ వింతకు కూడా బెలాడీ పేరే పెట్టారు.

నా సర్వజ్ఞుడికి 8 వచ్చాయి. సర్వజ్ఞుడు తప్పు చేయడమేమిటని గంటసేపు వెతికాను. ఇక ఎప్పటికీ రాని పేజీకి పైథాన్ -1 అని జవాబిస్తోంది. నా కోడు దాన్ని అన్నిటికన్నా దగ్గరి సమయంగా తీసుకుని ఆ పేజీని గట్టు మీదే అట్టిపెడుతోంది. -1ని అనంతంగా మార్చాక 7 వచ్చాయి. ఈ పొరపాటు తరువాతి వారం మరో రూపంలో తిరిగొస్తుందని అప్పటికి తెలియదు.

సోమవారం రాత్రి

ఎల్‌ఆర్‌యూను ఏడిపించే వరుస చాలా సులువు. మూడు చోట్లు, నాలుగు పేజీలు, 1 2 3 4 1 2 3 4 అంటూ తిప్పుతూ పోవడమే. 1000 అభ్యర్థనలకు ఎల్‌ఆర్‌యూ 1000 మిస్సులు, బెలాడీ 336. నిష్పత్తి 2.98. హామీ ఇచ్చిన 3కు అంగుళం దూరంలో నిలబడింది. ఏది కావాలో అది సరిగ్గా ముందు క్షణంలోనే అటక మీదికి పోతుంది.

దీనికి మందు పాచికలు. అమోస్ ఫియాట్, రిచర్డ్ కార్ప్ తదితరులు 1991లో మార్కర్ అనే పద్ధతిని వివరించారు. అడిగిన ప్రతి పేజీకీ గుర్తు పెడతాం. చోటు కావాలంటే గుర్తు లేనివాటిలోంచి గుడ్డిగా ఒకదాన్ని ఎంచి పంపుతాం. అన్నిటికీ గుర్తులు పడిపోయాక మరొకటి అవసరమైతే గుర్తులన్నీ చెరిపి కొత్త విడత మొదలుపెడతాం. మనల్ని ఓడించే వరుసను రాసే ప్రత్యర్థికి మన పద్ధతి తెలిసినా పాచికలు ఎలా పడతాయో తెలియదు కాబట్టి సరైన దెబ్బ కొట్టలేడు. ఈ పద్ధతి హామీ k వరకూ హార్మోనిక్ మొత్తానికి, అంటే 1 + 1/2 + 1/3 అంటూ 1/k దాకా కూడితే వచ్చేదానికి, రెండింతలు. k విలువ 1000 అయితే ఆ మొత్తం సుమారు 7.5, రెండింతలు 15. ఎల్‌ఆర్‌యూ హామీ 1000 రెట్లు, దీనిది 15 రెట్లు. కాగితం మీద ఎంత తేడానో!

నా తిరుగుడు వరుస మీద మార్కర్ సగటు 613 దగ్గర ఆగింది. చేత్తో లెక్కవేసినా అంతే. మొదటి విడత తరువాత మూడేసి అభ్యర్థనల విడత ఒక్కొక్కదానికీ 1 + 1/3 + 1/2 మిస్సులు పడతాయి. చేతి లెక్కా యంత్రం లెక్కా కలిసిన రాత్రి నిద్ర బాగా పడుతుంది.

రెండో శనివారం

అసలు విషయానికి వచ్చాను. కొత్త ధోరణి ఏమిటంటే, రాబోయేది ఏమీ తెలియదని చేతులు ముడుచుకోకుండా, గతాన్ని చూసి యంత్రం చెప్పే అంచనాను అల్గారిథం చేతికి ఇవ్వడం. అయితే ఆ అంచనా సరైనదని ఎవరూ పూచీ ఇవ్వరు. 2018లో థోడోరిస్ లికూరిస్, సెర్గెయ్ వాసిల్విత్స్కీ క్యాష్ విషయంలో దీన్ని సూత్రబద్ధం చేశారు. అంచనా సరిగా ఉంటే ఖర్చు సర్వజ్ఞుడి దగ్గరికి రావాలి. దాన్ని కన్సిస్టెన్సీ అంటారు. అంచనా పూర్తిగా చెడినా పాత హామీ చేజారకూడదు. దాన్ని రోబస్ట్‌నెస్ అంటారు. మా ఇంటి భాషలో చెప్పాలంటే జోస్యం ఫలిస్తే లాభం, ఫలించకపోతే కొంప మునగకూడదు.

మొదట అమాయకమైన పద్ధతి రాశాను. ప్రతి పేజీకీ మళ్లీ ఎప్పుడు అవసరమో జోస్యుడు చెబుతాడు, ఎక్కువ దూరం చెప్పినదాన్ని పంపేస్తాం. జోస్యం పూర్తిగా నిజమైతే ఇది అచ్చంగా బెలాడీయే, అవే 336 మిస్సులు. ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది.

మధ్యాహ్నం మేనకోడలు వచ్చింది. ఎం.టెక్ చదువుతోంది, నా కోడును గౌరవించే అలవాటు లేదు.

"మామయ్యా, మీ జోస్యుడు ఒక్కసారి తప్పితే ఏమవుతుంది?"

"ఒక్కసారికి ఒకటో రెండో మిస్సులు పెరుగుతాయి."

"రాసి చూడండి" అంది.

రెండే చోట్లు. మొదట ఎ వస్తుంది. ఇది వెంటనే మళ్లీ వస్తుందని జోస్యం, కానీ ఇక ఎన్నటికీ రాదు. తరువాత బి సి బి సి అంటూ ఆ రెండే. వాటి గురించి జోస్యుడు చెప్పేదంతా నిజమే. 1000 అభ్యర్థనల్లో ఒక్క మాట అబద్ధం. మిస్సులు 1000. బెలాడీకి 3.

జరిగింది ఇది. ఎ "ఇదిగో వస్తున్నా" అంటూ ఒక చోటును పట్టుకుని కదలదు. మిగిలిన ఒక్క చోటులోకి బి, సి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. మా పెద్దమ్మ ఒకరు "రేపు వస్తున్నాను" అని ఫోను చేస్తారు. ఆమె తాగే కాఫీ పొడి డబ్బా గట్టు మీదికి దిగుతుంది. ఆమె రారు, డబ్బా కదలదు, చింతపండు కోసం అమ్మ రోజూ అటక ఎక్కుతుంది. ఆదివారం నాటి -1 పొరపాటు కూడా ఇదేనని అప్పుడు తట్టింది. ఎప్పటికీ రానిదాన్ని అన్నిటికన్నా ముందు వచ్చేదిగా నమ్మడం.

గడువు దాటిన జోస్యాన్ని కొట్టేస్తే సరిపోతుందని ఒక అతుకు వేశాను. ప్రతి రాకకూ కొత్త అబద్ధం చెప్పే జోస్యుణ్ణి మేనకోడలు పది నిమిషాల్లో రాసి ఇచ్చింది. అతుకు తీసేశాను.

అప్పటిదాకా నేను తప్పిన జోస్యాల సంఖ్యను తప్పుకు కొలతగా వాడుతున్నాను. ఆ లెక్కన ఇక్కడ తప్పు 1. పరిశోధకులు వాడే కొలత వేరు. చెప్పిన సమయానికీ నిజంగా వచ్చిన సమయానికీ ఉన్న దూరాలను కూడుతారు. రెండో క్షణానికి వస్తుందన్న ఎ వరుస ముగిసినా రాలేదు కాబట్టి, రాకను 1001గా తీసుకుంటే తప్పు 999. వెయ్యి మిస్సులకు ఈ కొలత సరితూగుతుంది. నూటికి తొంభై తొమ్మిది సరిగ్గా చెప్పే మోడల్ అని గొప్పగా చెప్పుకునేవాళ్లను ఇకపై ఒక ప్రశ్న అడుగుతాను: తప్పిన ఆ ఒక్కటీ ఎంత దూరం తప్పింది?

ఆదివారం, కరెంటు పోయినప్పుడు

కంప్యూటర్ లేదు కాబట్టి కాగితం మీద మరో సమస్య. పాఠాల్లో దీన్ని స్కీల అద్దె అంటారు. మనకు మంచు లేదు, కూలర్ ఉంది. అద్దె నెలకు 1000 రూపాయలు, కొంటే 10,000 అనుకుందాం. ఎన్ని నెలలు అవసరమో తెలియదు. పదో నెలలో కొంటే ఎంత దురదృష్టం ఉన్నా 19,000 అవుతుంది, సర్వజ్ఞుడికి 10,000. అంటే 1.9 రెట్లు.

మనీష్ పురోహిత్, జోయా స్విట్కినా, రవి కుమార్ 2018లో దీనికి ఒక మీట తగిలించారు. సున్నాకూ ఒకటికీ మధ్య ఉండే ఆ సంఖ్య మన అపనమ్మకం. సగం దగ్గర పెట్టాను. పది నెలలో అంతకన్నా ఎక్కువో అవసరమని జోస్యం వస్తే ఐదో నెలలోనే కొనాలి, తక్కువని వస్తే ఇరవయ్యో నెల దాకా కొనకూడదు. ఎక్కువన్న జోస్యం ఫలిస్తే ఖర్చు 14,000, అంటే 1.4 రెట్లు. అదే జోస్యం తప్పి ఐదో నెలతో అవసరం తీరిపోతే 14,000 ఎదుట 5,000, అంటే 2.8 రెట్లు. తక్కువన్న జోస్యం తప్పితే 29,000 ఎదుట 10,000. మీటను సున్నా వైపు తిప్పేకొద్దీ మంచి రోజు మరింత మంచిదవుతుంది, చెడ్డ రోజు మరింత చెడుతుంది. కరెంటు వచ్చింది.

బుధవారం రాత్రి

అలెగ్జాండర్ వెయ్ 2020లో ఒక సులువైన దారి చూపాడు. అమాయక పద్ధతినీ పాత పద్ధతినీ పక్కపక్కనే ఊహలో నడిపి, ఇప్పటిదాకా ఎవరు తక్కువ నష్టపోతే వాళ్ల వెనక నడవడం. ఇద్దరిలో మంచివాడి ఖర్చుకు దాదాపు రెండింతలు దాటదు. నేను ఎల్‌ఆర్‌యూతో జోడించాను. సమానమైతే జోస్యుడి మాట నెగ్గుతుంది.

తిరుగుడు వరుస మీద 336. పెద్దమ్మ వరుస, అంటే రాని ఎ, ఆపైన బి సి బి సి, మీద 4. ఎల్‌ఆర్‌యూ ఒక్కటే నడిస్తే అక్కడ 3. పట్టరాని సంతోషంతో మేనకోడలికి సందేశం పెట్టాను. జవాబు ఒక్క ముక్క: "రెండు వరుసలూ అతికించండి."

మూడు చోట్లు. మొదటి 1000 తిరుగుడు వరుస, జోస్యం పూర్తిగా నిజం. తరువాతి 1000 పెద్దమ్మ వరుస. ఈసారి వస్తామని చెప్పి రానివాళ్లు ఇద్దరు, ఆ తరువాత బి సి బి సి. బెలాడీ 340. ఎల్‌ఆర్‌యూ 1004. అమాయక పద్ధతి 1336. నా జోడింపు 1005.

ఒకటికి నాలుగుసార్లు నడిపాను. 1005 నిజమే. మొదటి సగంలో జోస్యుడు ఎల్‌ఆర్‌యూ కన్నా 664 మిస్సులు తక్కువ చేశాడు. రెండో సగంలో అతను ప్రతి అభ్యర్థనకూ తప్పుతున్నా, ఆ 664 మిస్సుల పరపతి కరిగేదాకా నా కోడు అతణ్ణి వదలలేదు. 669వ అభ్యర్థన దగ్గర వదిలింది. మొదటి సగంలో మిగుల్చుకున్నదంతా తిరిగి కట్టేసి, పైగా ఎల్‌ఆర్‌యూ కన్నా ఒకటి ఎక్కువ. రుజువు చేసిన హామీ ఎక్కడా తప్పలేదు, రెండింతల లోపే ఉంది. నాకు మాత్రం మోసపోయినట్టే ఉంది.

పాత లెక్కలు మరిచిపోయి చివరి యాభై అభ్యర్థనలనే చూస్తే? వెంటనే మారుతుంది. అయితే ప్రతి యాభైకీ రంగు మార్చే వరుసను ఎవరైనా రాస్తారు, అప్పుడు హామీ ఉండదు. ఇల్లు గడవడానికి అది చాలు, రుజువుకు చాలదు.

మూడో శనివారం

లికూరిస్, వాసిల్విత్స్కీ అసలు చేసిన పనిని ఇప్పుడు సరిగ్గా చదివాను. వాళ్లు జోస్యుణ్ణి యజమానిగా కూర్చోబెట్టలేదు, మార్కర్ గీసిన గీత లోపలే మాట్లాడనిచ్చారు. గుర్తు లేని పేజీలలో ఎవరిని పంపాలో జోస్యుడు చెప్పవచ్చు, గుర్తు ఉన్నవాళ్ల జోలికి రాకూడదు. ఒకే విడతలో అతని మాట పదేపదే తప్పితే పాచికలకు మారతారు. నేను ఆ చివరి భాగం వదిలేసి మొదటిదే రాశాను. పాచికలు లేకపోయినా గుర్తులు పెట్టే ఏ పద్ధతికైనా k రెట్ల హామీ ఎలాగూ ఉంటుంది.

అదే 2000 అభ్యర్థనల వరుస మీద 340 మిస్సులు.

సర్వజ్ఞుడి లెక్కకు సమానం. ఆ వరుస నాకు అచ్చివచ్చిందన్నది నిజమే గానీ కారణం స్పష్టంగా కనబడుతోంది. బి, సి రెండూ గుర్తులు వేయించుకుని కూర్చున్నాక, రానివాళ్లిద్దరిలో ఒకరు గట్టు దిగక తప్పలేదు. మరి పొగరు దించుకోవడానికి దీన్ని ఓడించే వరుస కూడా వెతికాను. రెండు చోట్లు, ఒక ముఖ్యమైన పేజీ, దాని వెనక ఇంకెప్పుడూ రాని కొత్త పేజీలు రెండు, మళ్లీ ముఖ్యమైనది, మళ్లీ రెండు కొత్తవి. అలా 600. పాత ఆల్బమ్‌ను చుట్టాలు ఒకసారి అటు నుంచి ఇటు తిప్పి చూసినప్పుడు మా కంప్యూటర్‌కు వచ్చేది దాదాపు ఇలాంటి వరుసే. ఎల్‌ఆర్‌యూ 600, గుర్తులతో జోస్యం 500, అమాయక జోస్యం 401. బెలాడీ కూడా 401. ఇక్కడ జోస్యమంతా నిజం. అయినా ఇప్పుడే వచ్చిన పనికిరాని పేజీకి గుర్తు పడింది కాబట్టి, ముఖ్యమైనదాన్ని బయటికి పంపవలసి వస్తోంది. ఆ 99 మిస్సులు జోస్యుడి నోటికి కట్టిన చిక్కానికి మనం చెల్లించే వెల. నాకు అది ఎక్కువేమీ అనిపించలేదు. మేనకోడలికి అనిపించింది. ఇద్దరం రాజీపడలేదు.

మంగళవారం

మా కంప్యూటర్‌లో ప్రతి ఫొటోకూ మళ్లీ ఎప్పుడు అడుగుతారో సమయంతో సహా చెప్పే మోడల్ నడపడం కుదరదు. మోడల్ తినే సమయంలో డిస్కు నుంచి ఫొటో వచ్చేస్తుంది. ఈ బాధ నా ఒక్కడిది కాదు. 2022లో జోస్యుణ్ణి వీలైనంత తక్కువసార్లు అడగడం మీద, 2023లో పేజీకి ఒకే బిట్టు, అంటే ఉంచు లేదా పంపు అని మాత్రమే చెప్పే జోస్యం మీద పత్రాలు వచ్చాయి. ఇప్పటిదాకా చదివినవాటిలో నా ఇంటికి నేరుగా పనికొచ్చేవి ఇవే. ఒక బిట్టుకు మోడల్ కూడా అక్కరలేదు. వారంలో రెండుసార్లు చూసిన ఆల్బమ్‌దైతే ఉంచు, కాకపోతే పంపు. రాయడం మొదలుపెట్టాను.

ఇదంతా చూసి పాత తరహా సిద్ధాంతం మూలపడిందని అనుకోకూడదు. k సర్వర్ల సమస్య అని ఒకటుంది. పిలిచిన చోటికల్లా k మంది పనివాళ్లలో ఎవరిని పంపితే మొత్తం నడక తగ్గుతుందన్నదే అది. మన గట్టు సమస్య దానిలో చిన్న ప్రత్యేక సందర్భం. 1988లో మొదలైన ఆ సమస్యలో పాచికలు వేసే పద్ధతులకు లాగరిథం k స్థాయి నిష్పత్తి దొరుకుతుందని ఏళ్ల తరబడి నమ్మారు. సెబాస్టియన్ బ్యూబెక్, క్రిస్టియన్ కోస్టర్, యువల్ రబానీ 2022లో ఆ నమ్మకం తప్పని నిరూపించారు. కొన్ని చోట్ల లాగరిథం వర్గం స్థాయి ఖర్చు తప్పదట. పాచికలు లేని పద్ధతికి k రెట్లు సాధ్యమన్న మూల ఊహ మాత్రం ఇంకా తేలలేదు. 1995లో కౌట్సూపియాస్, పపదిమిత్రియు నిరూపించిన 2k-1 దగ్గరే సాధారణ ఫలితం ఉంది.

గురువారం రాత్రి

చిన్న సందేహం నిద్ర పట్టనివ్వలేదు. నా జోడింపులో సమానమైతే జోస్యుడి మాట నెగ్గాలని ఎందుకు పెట్టాను? ఆలోచించి పెట్టినది కాదు, కోడులో అతని పేరు ముందుంది, అంతే. తిప్పి చూశాను. సమానమైతే ఎల్‌ఆర్‌యూ. పెద్దమ్మ వరుస మీద 4 కాస్తా 3 అయింది. తిరుగుడు వరుస మీద 336 కాస్తా 337 అయింది. ఇక్కడ వచ్చిన ఒకటి అక్కడ పోయింది.

మేనకోడలు నాణెం ఎగరేయమంటోంది. ప్రస్తుతానికి ఎల్‌ఆర్‌యూ వైపే ఉంచి, ఒక బిట్టు జోస్యుణ్ణి గుర్తుల పద్ధతిలోకి ఎక్కించే పని మొదలుపెట్టాను. ఇంట్లో ఎవరు ఏ ఫొటో ఎప్పుడు తెరిచారన్న చిట్టా రాత్రి నుంచి పోగవుతోంది. ఇప్పటికి ఉన్నవన్నీ పెద్దమ్మ మనవరాలి పుట్టినరోజు ఫొటోలే.